అవైరు: సముద్రపు మొగ మీద ఆధారపడిన ఊరు

శ్రోతలకు నమస్కారం.

పోర్చుగల్ దేశంలో పోర్టో నగరం నుంచి దక్షిణంగా రైలులో సుమారు గంటసేపు ప్రయాణం చేస్తే, అట్లాంటిక్ తీరానికి దగ్గరలో ఒక చిన్న నగరం వస్తుంది. దాని పేరును మనవాళ్లు అవేరో అని రాస్తారు, అక్కడివారు మాత్రం అవైరు అని పలుకుతారు. ఊరి నడిబొడ్డున కాలువలు, వాటిలో రంగురంగుల పడవలు ఉండటం వల్ల దీనికి పోర్చుగల్ వెనిస్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఈ ఊరికి న్యాయం చేయదని నా అభిప్రాయం. వెనిస్ కోసం వెతికితే ఇక్కడ నాలుగైదు కాలువలు, గంటలోపే ముగిసిపోయే పడవ షికారు తప్ప మరేమీ కనిపించవు. ఈ నీటి మీద ఏ సరుకు నడిచింది, ఎవరి పొట్ట నిండింది అని విచారించినవారికే అవైరు అర్థమవుతుంది.

ఆ విచారణ రైలు దిగిన చోటనే మొదలుపెట్టవచ్చు. పాత స్టేషన్ భవనం గోడల మీద నీలం, తెలుపు రంగుల పింగాణీ పలకలు అతికించి ఉన్నాయి. ఆ ప్రాంతపు పడవలు, పనిపాటలు, మనుషులు ఆ పలకల మీద బొమ్మలై కనిపిస్తారు. వాటి ముందు పది నిమిషాలు నిలబడి, ఆ తరువాత కాలువ వైపు నడవడం మంచిది.

కాలువలో తిరిగే పడవను మొలిసైరు అంటారు. ఊరి పక్కనున్న ఉప్పునీటి సరస్సు అడుగున పెరిగే నాచుకు, నీటిగడ్డికి అక్కడ మొలిసు అని పేరు, దానిని సేకరించే పడవ కాబట్టి మొలిసైరు అయింది. మన రైతులు వేసవిలో చెరువు పూడికమట్టిని బండ్లతో పొలాలకు తోలుకున్నట్లే, అక్కడి రైతులు ఈ నాచును పడవలకెత్తి ఇసుక నేలలకు ఎరువుగా వేసుకొన్నారు. సరస్సు పక్కనున్న గఫాన్యా ఇసుక దిబ్బలు పంటభూములుగా మారింది ఈ నాచు వల్లనే. పడవ సుమారు 15 మీటర్ల పొడవు ఉంటుంది. అడుగు బల్లపరుపుగా ఉండటం వల్ల లోతులేని నీటిలో కూడా నడుస్తుంది, అంచులు బాగా కిందికి ఉండటం వల్ల తడిసి బరువెక్కిన నాచును లోపలికి లాక్కోవడం తేలిక. తెరచాప ఎత్తి, పక్కలకు దంతెలు కట్టి ఈడ్చుకుంటూ పోయేవారు. గాలి లేని వేళ గెడ వేసేవారు, లేదా గట్టు మీద నుంచి మోకు పట్టి లాగేవారు. రసాయనిక ఎరువులు వచ్చిన తరువాత ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు అవే పడవలకు ఇంజన్లు బిగించి యాత్రికులను తిప్పుతున్నారు.

ఈ పడవను దగ్గరగా చూడాలి. అణియం, అంటే ముందు కొస, హంస మెడలాగా పైకి లేచి వంపు తిరిగి ఉంటుంది. అణియానికి రెండు వైపులా, వెనుక కొస అయిన అమరానికి రెండు వైపులా, మొత్తం నాలుగు బొమ్మలు వేస్తారు, ఆ నాలుగూ వేర్వేరు. ఒకవైపు దేవతామూర్తి ఉంటే మరొకవైపు ఒక యువతీయువకుల సరసం ఉంటుంది, కింద ఒక కొంటె వాక్యం రాసి ఉంటుంది. ఆ వాక్యాలలో అక్షరదోషాలు తరచుగా దొర్లుతాయి, వాటిని ఎవరూ దిద్దరు. బడి చదువు పెద్దగా లేని పడవ చిత్రకారులు తమ నోటి మాటను తమకు వచ్చినట్లు రాసిన సంప్రదాయమది, అలాగే ఉండనివ్వడం న్యాయమని నాకు తోచింది.

పడవ కట్టే పెద్ద వడ్రంగిని అక్కడ మెష్త్రె అంటారు. ఆ మాట వినగానే నేను ఆగిపోయాను. మన మేస్త్రి ఆ మాట నుంచే వచ్చాడు. సముద్రం మీద వచ్చిన పోర్చుగీసువారు వదిలి వెళ్లిన మాటలలో పీపా, ఇస్త్రీ, బొత్తాము కూడా ఉన్నాయి. వాటిని మనం రోజూ వాడుతూనే ఉన్నాం.

ఇక ఈ ఊరి అసలు కథ ఉప్పుది. క్రీస్తుశకం 959లో ముమడోనా డియాష్ అనే కౌంటెస్ ఒక మఠానికి రాసిచ్చిన దానపత్రంలో ఈ ప్రాంతం పేరు కనిపిస్తుంది, ఆ పేరుతో పాటే ఉప్పు మడుల ప్రస్తావన కూడా ఉంది. అంటే ఊరి పేరు, ఉప్పు ఒకేసారి రాతకెక్కాయన్నమాట. మనవైపు నౌపడలోను, చినగంజాంలోను ఉప్పును పండిస్తారని అంటామే తప్ప తయారుచేస్తారని అనం, అవైరులో కూడా అది వ్యవసాయం వంటిదే. పోటు వచ్చినప్పుడు నీటిని మొదటి మడిలోకి వదిలి, అక్కడి నుంచి ఒక్కొక్క మడికి పలుచగా పారిస్తూ ఎండకు చిక్కబరుస్తారు. చివరి మడిలో గింజ కట్టిన ఉప్పును పొడవాటి కర్రకు బిగించిన చెక్క పలకతో, అడుగు బురద కదలకుండా, గట్టుకు లాగుతారు. ఈ పని చేసే ఉప్పు రైతును మర్నోటు అంటారు. వందలాది మడులలో నేడు మిగిలినవి చాలా తక్కువ. ఊరి చివర ట్రొంకల్యాడా అనే ఉప్పు మడిని సందర్శకుల కోసం నిలబెట్టారు. నా మాట వినేవారు పడవ షికారు మానుకొనైనా వేసవిలో అక్కడికి వెళ్లాలి.

ఉప్పుకైనా, చేపకైనా, నాచుకైనా ప్రాణం ఒక్కచోటే ఉంది, సరస్సును సముద్రంతో కలిపే మొగలో. 16వ శతాబ్దం చివరి నుంచి తుఫానులు, ఇసుక మేటలు కలిసి ఆ మొగను పూడ్చివేశాయి. ఓడలు లోపలికి రాలేకపోయాయి, నీరు కదలక కుళ్లి జ్వరాలు ప్రబలాయి, జనం ఊరు విడిచి వెళ్లారు. 1759లో రాజు జొజె దీనికి నగర హోదా ఇచ్చేనాటికి కూడా ఆ కష్టం తీరలేదు. మన పులికాట్ సరస్సులో ముఖద్వారాలు పూడినప్పుడల్లా అక్కడి మత్స్యకారులు పడే అవస్థ ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. చివరకు రెనాల్డు ఉదినో, లుయీష్ గొమెష్ ది కర్వాల్యు అనే ఇద్దరు ఇంజనీర్ల పూనికతో 1808 ఏప్రిల్ 3న కొత్త మొగ తెరుచుకొంది. ఆ పనికి రాళ్లు చాలక, 15వ శతాబ్దంలో ఊరి చుట్టూ కట్టిన కోటగోడను పడగొట్టి ఆ రాళ్లు వాడారు. ఒకప్పుడు శత్రువు నుంచి కాపాడిన గోడను ఊరివారు సముద్రం కోసం వదులుకొన్నారు. నేడు అవైరులో కోటగోడ ఎక్కడ అని అడిగే యాత్రికుడు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఊరిలో తప్పక చూడవలసినది జీసస్ కాన్వెంటు అనే సన్యాసినుల మఠం, ఇప్పుడది మ్యూజియం. రాజు అఫోన్సు కుమార్తె జువానా 1472లో ఇక్కడ చేరి, 1490లో మరణించింది. రంగు చలువరాళ్లు పొదిగిన ఆమె సమాధి లోపల ఉంది. ఊరివారు ఆమెను నేటికీ తమ రాకుమారిగానే కొలుస్తారు. ఓవుష్ మోలెష్ అనే మిఠాయి కూడా కాన్వెంటు వంటగదులలో పుట్టినదే. సన్యాసినుల దుస్తులకు గంజిగా తెల్లసొన వాడగా మిగిలిన పచ్చసొనను చక్కెర పాకంలో కలిపి ఉడికించడంతో ఇది మొదలైందని చెప్పుకొంటారు. శంఖాలు, చేపల ఆకారంలో అచ్చుపోసిన పలుచని పొరల మధ్య దానిని నింపుతారు, లేదా బొమ్మలు వేసిన చిన్న చెక్క పీపాలలో పోసి అమ్ముతారు. ఆ పొర నోట్లో కరిగే తీరు పూతరేకును గుర్తుచేసింది. మన ఆత్రేయపురం పూతరేకులాగే దీనికి కూడా భౌగోళిక గుర్తింపు ఉంది.

వీలుంటే బస్సులో మొగ దగ్గరున్న బార్రా వరకు వెళ్లండి. బార్రా దాటి కాస్త దక్షిణంగా వెళితే కోస్టా నోవాలో నిలువు చారల రంగులు వేసిన చెక్క ఇళ్లు వరుసగా కనిపిస్తాయి, జాలరులు వలలు, సామాను దాచుకొన్న పాకలే తరువాత ఇళ్లయ్యాయి. బార్రాలో 1893లో పూర్తయిన దీపస్తంభం ఉంది. దాని ఎత్తు 62 మీటర్లు, పోర్చుగల్‌లో అన్నింటికన్నా ఎత్తయినది. నేను వెళ్లినప్పుడు పోటు మొదలైంది. రాతి కట్టల నడుమ నుంచి సముద్రపు నీరు సుడులు తిరుగుతూ సరస్సులోకి దూసుకుపోతోంది. ఆ నీరే లాకులు దాటి కాలువలకు చేరుతుంది, మర్నోటు తూము పలక ఎత్తగానే మొదటి మడిలోకి పారుతుంది.

నమస్కారం.