తెలుగులోంచి నేరుగా స్పానిష్‌లోకి: సర్వనామాలు, ఇర్రెగ్యులర్ వెర్బ్స్

[తెరపై: ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లామోస్]

నమస్కారం. "బయలుదేరారా?" అని ఎవరైనా అడిగితే "బయలుదేరాను" అంటాం. ముందు "నేను" పెట్టం, ఆ పని చివర ఉన్న "ను" చేసేస్తుంది. స్పానిష్‌లోనూ ఇంతే. "ఆబ్లో" అంటే మాట్లాడతాను, "ఆబ్లాస్" అంటే మాట్లాడతావు, "ఆబ్లామోస్" అంటే మాట్లాడతాం. ఇంగ్లీష్ మీదుగా నేర్చుకునేవాళ్లు ప్రతి వాక్యానికీ ముందు "యో" తగిలిస్తారు. వినేవాళ్లకు అది "నేనైతే, నేనైతే" అని నొక్కి చెబుతున్నట్టు ఉంటుంది. అందుకే ఇవాళ ఇంగ్లీష్‌ని పక్కన పెట్టేద్దాం.

[తెరపై: సర్వనామాల పట్టిక]

యో అంటే నేను. తూ అంటే నువ్వు. ఎల్ అతను, ఎయ్యా ఆమె. నొసొత్రోస్ అంటే మేము, మనం కూడా. ఆ రెండిటికీ స్పానిష్‌లో తేడా లేదు. అందరూ ఆడవాళ్లే అయితే నొసొత్రాస్. "వాళ్లు" దగ్గరా అంతే: ఎయ్యోస్, అందరూ ఆడవాళ్లయితే ఎయ్యాస్.

గౌరవంగా "మీరు" అనాలంటే ఉస్తెద్. ఇది "బుయెస్త్రా మెర్సెద్" అనే పాత గౌరవ సంబోధన అరిగి అరిగి వచ్చిన మాట. మన దగ్గర ఎదురుగా ఉన్నవారినే "ఏలినవారు సెలవిచ్చారు" అన్నట్టు, అక్కడా ఎదుటి మనిషి గురించి మూడో మనిషి గురించి చెప్పినట్టు మాట్లాడేవారు. అందుకే ఇప్పటికీ ఉస్తెద్‌కి, "అతను, ఆమె"లకి క్రియ ఒకటే. "ఎల్ ఆబ్లా", "ఉస్తెద్ ఆబ్లా". మీరు నేర్చుకోవాల్సిన రూపాల్లో ఒకటి తగ్గిపోయినట్టే.

చాలామందితో మాట్లాడేటప్పుడు ఉస్తెదెస్. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుని బొసొత్రోస్ అని పిలుస్తారు గానీ, లాటిన్ అమెరికాలో అందరికీ ఉస్తెదెస్ సరిపోతుంది. మెక్సికో, కొలంబియా, పెరూ వాళ్లతో మాట్లాడాలనుకునేవాళ్లు బొసొత్రోస్‌ని ప్రస్తుతానికి వదిలేయండి. అర్జెంటీనాలో తూ బదులు "బోస్" వినిపిస్తే మాత్రం కంగారు పడకండి, అది కూడా "నువ్వే".

[తెరపై: సేర్, ఎస్తార్]

ఇప్పుడు అందరికీ టెన్షన్ పెట్టే చోటికి వద్దాం. ఇంగ్లీష్‌లో "టు బి" అనే ఒకే క్రియతో నడిచే పనిని స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అనే రెండు క్రియలు పంచుకుంటాయి. రెండూ ఇర్రెగ్యులరే, అంటే మామూలు పద్ధతిలో మారవు. రూపాలు నేను, నువ్వు, అతను/ఆమె, మేము, వాళ్లు అనే వరుసలో చెబుతాను.

సేర్: సోయ్, ఎరెస్, ఎస్, సోమోస్, సోన్.
ఎస్తార్: ఎస్తోయ్, ఎస్తాస్, ఎస్తా, ఎస్తామోస్, ఎస్తాన్.

ఏది ఎప్పుడు వాడాలో తెలుగే చెబుతుంది. "లీమా పెరూ రాజధాని." ఈ వాక్యంలో క్రియ ఉందా? లేదు. అక్కడ సేర్: "లీమా ఎస్ లా కపితాల్ దెల్ పెరూ." ఇప్పుడు "లీమా పెరూలో ఉంది" అనండి. "ఉంది" వచ్చింది కాబట్టి ఎస్తార్: "లీమా ఎస్తా ఎన్ పెరూ." "నేను డాక్టర్ని" అంటే సోయ్. "బాగున్నాను"లో "ఉన్నాను" దాక్కుని ఉంది కాబట్టి "ఎస్తోయ్ బియెన్". "పార్టీ మా ఇంట్లో" అన్నప్పుడు మనం క్రియ వాడం, స్పానిష్‌లో అక్కడ సేరే వస్తుంది: "లా ఫియెస్తా ఎస్ ఎన్ మి కాసా". పోలిక ఇంత దూరం సాగడం నాకైతే ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

మనిషి రూపం, స్వభావం చెప్పేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త. "ఆమె అందంగా ఉంటుంది" అంటే ఎప్పటికీ ఉండే గుణం, "ఎస్ గ్వాపా". "ఇవాళ అందంగా ఉంది" అంటే ఈ పూట సంగతి, "ఎస్తా గ్వాపా".

[తెరపై: తెనేర్]

అయితే ఒక చోట తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. "ఆకలిగా ఉంది"లో "ఉంది" కనిపించింది కదా అని ఎస్తార్ వాడకండి. ఆకలి, దాహం, నిద్ర, భయం, చివరికి వయసు కూడా స్పానిష్‌లో మనిషి దగ్గర ఉండే సొత్తు లాంటివి. వాటికి తెనేర్ (కలిగి ఉండటం) కావాలి: తెంగో, తియెనెస్, తియెనె, తెనేమోస్, తియెనెన్. "తెంగో ఆంబ్రె" ఆకలేస్తోంది, "తెంగో సెద్" దాహంగా ఉంది. "నాకు ఇరవై ఏళ్లు" అనడానికి "తెంగో బెయింతె ఆన్యోస్". ఇది మాత్రం బట్టీ పట్టాల్సిందే.

తెంగోలో చివర వచ్చిన ఆ "గో"ని గమనించండి. బెనీర్‌కి బెంగో (వస్తాను), పోనేర్‌కి పోంగో (పెడతాను), సాలీర్‌కి సాల్గో (బయటికి వెళ్తాను), ఆసేర్‌కి ఆగో (చేస్తాను), దెసీర్‌కి దీగో (చెబుతాను). "నేను" రూపంలో వీటన్నిటికీ "గో" వస్తుంది కాబట్టి ఒక గుంపుగా నేర్చుకోండి.

[తెరపై: ఈర్]

చివరిగా ఈర్, అంటే వెళ్లడం. బోయ్, బాస్, బా, బామోస్, బాన్. అసలు క్రియకీ ఈ రూపాలకీ పోలికే లేదు, ఎందుకంటే లాటిన్‌లోని వేర్వేరు క్రియలు కలిసిపోయి ఇది తయారైంది. కష్టపడి నేర్చుకోండి, ఎందుకంటే దీనితో భవిష్యత్తు కూడా చేతికొస్తుంది. "బోయ్ ఆ" తర్వాత ఏ క్రియ పెట్టినా "చేయబోతున్నాను" అనే అర్థం వస్తుంది. "బోయ్ ఆ కొమేర్" అంటే తినబోతున్నాను.

వీడియో ఆపి, "రేపు రాబోతున్నాను" ఎలా అంటారో బయటికే చెప్పండి. "రేపు"కి మాట "మన్యానా", "రావడం" ఇప్పుడే నేర్చుకున్నారు.

[ఐదు సెకన్లు ఆగాలి. తెరపై: బోయ్ ఆ బెనీర్ మన్యానా]