ఫోన్-ఇన్: మీ కుక్కకు క్రాసింగ్ చేయించే ముందు ఏ పరీక్షలు చేయించాలి?

యాంకర్: నమస్కారం. కుక్కల బ్రీడింగ్, దానికి ముందు చేయించాల్సిన ఆరోగ్య పరీక్షలు, ఇదీ ఈరోజు మన అంశం. పశువైద్య నిపుణులు డాక్టర్ గారు మనతో ఉన్నారు. నమస్కారం డాక్టర్ గారూ.

డాక్టర్: నమస్కారమండి. కాల్స్ తీసుకునే ముందు ఒక్క మాట. పెడిగ్రీ కాగితం వేరు, ఆరోగ్య కాగితం వేరు. ఈ కుక్క ఎవరి పిల్ల అన్నది పెడిగ్రీలో ఉంటుంది. దాని తుంటి ఎలా ఉంది, కళ్లెలా ఉన్నాయి, గుండె ఎలా ఉంది అన్నది అందులో ఒక్క ముక్క ఉండదు. ఈ తేడా తెలియక పిల్లల్ని తీయించి, తర్వాత ఏడుస్తూ వచ్చేవాళ్లను చాలామందిని చూశాను.

యాంకర్: మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్: హలో... హలో, వినపడుతోందా?

యాంకర్: వినపడుతోందండి. మీ టీవీ సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

కాలర్: ఆ, తగ్గించానండి. నమస్తే సార్. మాది ల్యాబ్రడార్, ఆడది, రాణి అని. 17 నెలలు. చాలా మంచిది సార్, మా చిన్నపాప దాని పొట్ట మీద తల పెట్టుకుని పడుకున్నా కదలదు. ఇప్పుడు రెండోసారి హీట్‌కి వచ్చింది, ఇవాళ ఆరో రోజు. మా ఫ్రెండ్ దగ్గర మగది ఉంది, పెద్ద తల, షోల్లో కప్పులు కూడా కొట్టింది. దాంతో క్రాసింగ్ చేయిద్దామని... ఎన్నో రోజున తీసుకెళ్లాలి సార్?

డాక్టర్: రోజు సంగతి తర్వాత చూద్దాం. పరీక్షలేం చేయించారు?

కాలర్: డీఎన్‌ఏ చేయించాం సార్. బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపించాం. అన్నీ క్లియర్ అని వచ్చాయి. ఒక్కదానికి మాత్రం క్యారియర్ అని ఉంది, పీఆర్‌సీడీ... పీఆర్‌ఏ అంట. దానికి రోగం ఉన్నట్టా? చూస్తే అలా ఏం లేదు, చీకట్లో కూడా బంతి పట్టుకొచ్చేస్తుంది.

డాక్టర్: దానికి ఆ రోగం లేదు, రాదు కూడా. భయపడకండి. ఇలాంటి జన్యువుకు రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. మీ రాణికి ఒకటి మంచిది, ఒకటి పాడైనది. ఒక్క మంచి ప్రతి ఉన్నా కన్ను బాగానే పనిచేస్తుంది. రెండూ పాడైతేనే కంటిలోపలి రెటీనా మెల్లగా చచ్చిపోతుంది. ముందు రేచీకటి, ఆ తర్వాత మొత్తం చూపు పోతుంది. దానికి మందు లేదు. ఇంకో చిక్కేమిటంటే అది పుట్టగానే కనపడదు, నడివయసులో బయటపడుతుంది. అప్పటికి ఆ కుక్కకు రెండు మూడు ఈతలు అయిపోయి ఉంటాయి.

కాలర్: అయితే క్రాసింగ్ చేయించకూడదా సార్?

డాక్టర్: అలా అన్లేదండి. క్లియర్ వచ్చిన మగదానితో చేయిస్తే ఒక్క పిల్లకు కూడా ఈ జబ్బు రాదు. సగటున సగం పిల్లలు రాణిలాగే క్యారియర్లవుతాయి, అంతే. మగది కూడా క్యారియర్ అయితే మాత్రం పుట్టే ప్రతి పిల్లకూ 25 శాతం ముప్పు. ఇంకో మాట, క్యారియర్ అనగానే పక్కన పెట్టేయకండి. అలా అన్నింటినీ తీసేస్తే జాతిలో కొన్నే మిగులుతాయి, దగ్గర చుట్టరికాల్లోనే కలపాల్సొస్తుంది, అప్పుడు వేరే జబ్బులు నెత్తిన పడతాయి. సరే, మీ ఫ్రెండ్ కుక్క రిపోర్టు ఏమొచ్చింది?

కాలర్: దానికి చేయించలేదు సార్. కానీ చాంపియన్ లైన్. తాత కూడా చాంపియన్. పెడిగ్రీ మొత్తం ఉంది.

డాక్టర్: చూశారా? చెట్టు పేరు చెప్పి కాయలమ్మడమంటే ఇదే. పెడిగ్రీ కాగితం వేరు, ఆరోగ్య కాగితం వేరు! తాతకు కప్పు వస్తే మనవడి కన్ను బాగున్నట్టు కాదు. తుంటి ఎక్స్‌రే తీయించారా?

కాలర్: డీఎన్‌ఏలో అన్నీ క్లియర్ వచ్చాయి కదా సార్...

డాక్టర్: తుంటి డీఎన్‌ఏలో తేలదండి. హిప్ డిస్‌ప్లేసియా, అంటే తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం, ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. చాలా జన్యువులు కలవాలి, దానికి తోడు బరువు, పెరిగిన తీరు. దానికి ఎక్స్‌రేనే దారి. కుక్కను మత్తులో వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాపి తీస్తారు. ఆ ఎక్స్‌రే చూసి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ ఓఎఫ్ఏ వాళ్లయితే 24 నెలలు నిండితే తప్ప తుది సర్టిఫికెట్ ఇవ్వరు. పెన్‌హిప్ అని ఇంకో పద్ధతి, అది కీలు ఎంత వదులుగా ఉందో కొలుస్తుంది, 16 వారాల నుంచే చేయొచ్చు. ల్యాబ్రడార్‌కి మోచేతి కీళ్లు కూడా తీయించాలి. మీ రాణి తోబుట్టువులు ఎవరైనా తెలుసా?

కాలర్: ఒకడు మా బావమరిది ఇంట్లోనే ఉన్నాడు సార్. రాణి కంటే లావు. వాడు పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతాడు, మాకు ముచ్చటగా ఉంటుంది. ఈమధ్య మెట్లెక్కట్లేదు, బద్ధకం.

డాక్టర్: ... బద్ధకం కాదండి అది. ఏడాదిన్నర కుక్కకు బద్ధకం ఏమిటి? నొప్పి అయ్యుండాలి. వాణ్ని రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమనండి, తుంటి ఎక్స్‌రే తీయించమనండి. కాల్షియం పౌడర్ ఏమైనా ఇస్తున్నారా?

కాలర్: ఇస్తున్నాం సార్, ఇద్దరికీ. ఎముక బలంగా ఉండాలని.

డాక్టర్: ఆపేయండి. పెద్ద జాతి పిల్లలకు సరిపడా ఫుడ్ పెడుతూ పైన కాల్షియం పోస్తే ఎముక బలపడదు, ఎదుగుదల వంకర తిరుగుతుంది. బావమరిది గారి కుక్క బరువు కూడా తగ్గించాలి. 48 ల్యాబ్రడార్ల మీద బతికినంతకాలం గమనించి చేసిన అధ్యయనం ఒకటుంది, 2002లో అచ్చయింది. తోబుట్టువులను జతలుగా తీసుకుని, ఒక్కో జతలో ఒకదానికి తిండి 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లవాతం కూడా ఆలస్యంగా మొదలైంది.

కాలర్: సరే సార్. కానీ ఆడకుక్కకు ఒక్క ఈతైనా అవ్వకపోతే గర్భసంచికి జబ్బు వస్తుందంటారు కదా? అందుకే ఈసారే...

డాక్టర్: అది అపోహ. పిల్లలు పుట్టినంత మాత్రాన గర్భసంచికి జబ్బు రాదన్న భరోసా లేదు. చీము పడుతుందని భయమైతే దానికి దారి ఆపరేషన్, క్రాసింగ్ కాదు.

కాలర్: అర్థమైంది సార్. అయితే... పదో రోజా, పన్నెండో రోజా?

డాక్టర్: ఇంతసేపు ఏం చెప్పానండీ! ఏ రోజూ కాదు. ఈ హీట్ వదిలేయండి. తోడబుట్టినవాడు కుంటుతుంటే ఆ తుంటి జన్యువులు రాణిలోనూ ఉండొచ్చు. ముందు ఎక్స్‌రే.

యాంకర్: ధన్యవాదాలండి. తర్వాతి కాలర్, నమస్తే.

కాలర్: నమస్తే మేడం. మా పగ్ బాగా గురక పెడుతుంది. పగ్‌లకు మామూలే కదా? మగది, క్రాసింగ్‌కి అడుగుతున్నారు.

డాక్టర్: ఎక్కువ పగ్‌లలో ఉంటుంది కాబట్టి మామూలనుకుంటున్నామమ్మా. ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యం కాదు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ కలిసి 2019లో ఒక పరీక్ష మొదలుపెట్టాయి. కుక్క శ్వాస విని, 3 నిమిషాలు చురుగ్గా నడిపించి మళ్లీ వింటారు. 0 నుంచి 3 వరకు గ్రేడు. 3 వస్తే దాన్ని బ్రీడింగ్‌కి వాడకూడదు. మీది కాస్త నడిచాక రొప్పుతుందా? నాలుక నీలంగా అవుతుందా?

కాలర్: ఎండలో ఒకసారి పడిపోయింది సార్.

డాక్టర్: అయితే బ్రీడింగ్ మాట పూర్తిగా మానేయండి. ముక్కురంధ్రాలు, అంగిలి చూపించండి, ఆపరేషన్‌తో ఉపశమనం ఉంటుంది. ఆలస్యం చేయకండమ్మా.

యాంకర్: థాంక్యూ అండి. నెక్స్ట్ కాలర్.

కాలర్: సార్, డాబర్‌మాన్. రెండేళ్లప్పుడు గుండె చూపించా, బాగుందన్నారు. ఇప్పుడు ఐదేళ్లు. మళ్లీ చూపించాలా?

డాక్టర్: చూపించాలి. డీఎన్‌ఏ ఒక్కసారి చేస్తే చాలు, గుండె అలా కాదు. డాబర్‌మాన్‌లో గుండె కండరం పలచబడే జబ్బు లోపల లోపలే పెరుగుతుంది. మూడేళ్లు దాటాక ఏటా ఎకో, అంటే గుండె స్కాన్ తీయించాలి, 24 గంటలూ గుండె కొట్టుకునే తీరును నమోదు చేసే హోల్టర్ పెట్టించాలి. ఐదు నిమిషాల ఈసీజీలో దొరకనిది హోల్టర్‌లో దొరుకుతుంది. మేటింగ్‌కి ముందు ఆడ, మగ రెండింటికీ బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఉందేమో చూసే రక్తపరీక్ష కూడా. అది ఏ జాతికైనా తప్పనిసరి. గర్భం పోతుంది, మనుషులకూ అంటుతుంది.

యాంకర్: ఇంకో కాలర్. చెప్పండి.

కాలర్: సార్, నేను... మాది కాకర్ స్పానియల్. పోయినసారి అయిదు పిల్లలు పుట్టాయి, అన్నీ మంచి ఇళ్లకే ఇచ్చాం. పరీక్షలు చేయించలేదు సార్, అప్పుడు తెలీదు. ఇప్పుడు ఒకావిడ ఫోన్ చేశారు. రాత్రిపూట తలుపుకి గుద్దుకుంటోందట. కళ్ల డాక్టర్‌కి చూపిస్తే పీఆర్‌ఏ అన్నారట, డీఎన్‌ఏలో కూడా అదే తేలిందట. ఇందాకటి నుంచి వింటున్నా సార్... మిగతా నలుగురికీ ఫోన్ చేయాలా? ఏమంటారో అని.

డాక్టర్: అమ్మా, ముందు ఒకటి చెబుతా. తెలిసి చేసిన తప్పు కాదిది. ఇప్పుడు తెలిసింది కదా, ఇకనుంచి చేసేదే లెక్క. అందరికీ ఫోన్ చేయండి, ఇవాళే. ఒక పిల్లకు వచ్చిందంటే తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉన్నట్టే. మిగతావాటిలో కొన్నింటికి రావచ్చు, కొన్ని క్యారియర్లు కావచ్చు. వాళ్లు తెలియక వాటికి క్రాసింగ్ చేయిస్తే ఇది ఇంకో ఇంటికి పోతుంది. మగకుక్క యజమానికి కూడా చెప్పండి, అది ఇంకెన్నింటితో కలిసిందో!

కాలర్: తిడతారేమో సార్.

డాక్టర్: ఒకరిద్దరు తిడితే తిట్టనివ్వండి. వాళ్లకూ ఆ కుక్క ప్రాణమే కదమ్మా. డీఎన్‌ఏ పరీక్ష ఖర్చు మీరు పెట్టుకుంటానని చెప్పండి, వీలైతే. చూపు పోయిన కుక్కతో బతకడం కష్టమేమీ కాదని కూడా చెప్పండి. ఇంట్లో సామాన్లు కదపకుండా ఉంచితే, మాటతో పిలిస్తే, ముక్కుతో, చెవితో దారి పట్టేస్తుంది. ఆ జంటను మాత్రం మళ్లీ కలపకండి.

కాలర్: సరే సార్... చేస్తాను. చేస్తాను సార్.

యాంకర్: ధన్యవాదాలమ్మా. ఇంకొకరు... హలో?

కాలర్: సార్, మా కుక్కకు గోమార్లు పట్టాయి, ఏ షాంపూ...

యాంకర్: అది వేరే ఎపిసోడ్‌లో అండి. నెక్స్ట్.

కాలర్: సార్, డాల్మేషియన్ పిల్ల తీసుకుంటున్నా. చప్పట్లు కొడితే చూస్తోంది. చెవులు బాగున్నట్టేనా?

డాక్టర్: చెప్పలేం. ఒక చెవి వినపడకపోయినా రెండో చెవితో సర్దుకుంటుంది, చప్పట్లకు తిరుగుతుంది. ఆరు వారాలకు బేర్ అనే వినికిడి పరీక్ష చేయొచ్చు, ఒక్కో చెవి విడివిడిగా తేలుతుంది. తల్లిదండ్రుల రిపోర్టులు కూడా అడగండి. పెడిగ్రీ చూపిస్తే సరేనని లేచి రాకండి, అది వేరు, ఇది...

(కాల్ కట్ అయింది.)

యాంకర్: చివరి కాల్. హలో?

కాలర్: సార్, నేనే, రాణి వాళ్ల నాన్నని. మా ఫ్రెండ్‌తో మాట్లాడా. వాడిదానికి కూడా డీఎన్‌ఏ, ఎక్స్‌రే తీయిస్తానన్నాడు. బావమరిదికి రేపు అపాయింట్‌మెంట్ దొరికింది. మరి ఈ హీట్ వదిలేస్తే మళ్లీ ఎప్పుడొస్తుంది సార్?

డాక్టర్: సంతోషమండి. ఆరేడు నెలలకు రావచ్చు. హీట్ అయ్యాక ఒక నెల ఆగి మొదటి ఎక్స్‌రే తీయించండి, హీట్‌లో కీళ్లు వదులుగా కనపడొచ్చు. తుంటి బాగోలేదని అప్పుడే తేలితే అక్కడితో ఆపేయాలి. బాగుంటే 24 నెలలు నిండాక తుది ఎక్స్‌రే. మధ్యలో హీట్ వచ్చినా కంగారు పడకండి, దాన్నీ వదిలేయండి.

కాలర్: అలాగే సార్.

డాక్టర్: ఇవాళ ఆరో రోజన్నారు కదా? ఇంకో రెండు వారాలకు పైగా తాడు లేకుండా బయటికి తీసుకెళ్లకండి. గేటు వేసి ఉంచండి, పాపకు కూడా చెప్పండి.

యాంకర్: సమయం అయిపోయింది. డాక్టర్ గారికి, కాల్ చేసినవారికి ధన్యవాదాలు. నమస్కారం.