ఖాళీ బండి ఒకటి, లోడు బండి ఇంకొకటి: పికప్ బండ్లపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్ పికప్ బండ్ల మీద. నల్లగొండలో చాలా ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మేస్త్రీ మన స్టూడియోలో ఉన్నారు. బొలెరో పికప్, దోస్త్, ఇంట్రా, ఏస్, ఏ బండైనా సరే, అడగండి. అన్నా, కాల్స్ కలిపేలోపు ఒక మాట. మీ షెడ్డుకు బండ్లు ఎక్కువగా ఏ రోగంతో వస్తాయి?

మేస్త్రీ: రోగం తక్కువ మేడం, వాడుకం తప్పు ఎక్కువ. పికప్ అంటే రెండు బండ్లు. ఖాళీగున్నప్పుడు ఒక బండి, టన్నున్నర ఎక్కినంక ఇంకో బండి. లైటుకు, గాలికి, బ్రేకుకు కంపెనోడు రెండు లెక్కలు పెట్టిండు. మనోళ్లు పొద్దంత ఒక్క లెక్క మీదనే తోల్తరు. అక్కడనే వస్తది పంచాయితి.

వ్యాఖ్యాత: మొదటి కాల్ హాలియా నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడం. మేస్త్రీ సాబ్‌కు కూడా నమస్తే. తోటల కాడ బత్తాయి లోడెత్తుకొని రాత్రి పూట హైదరాబాద్ పక్కన బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోత. ఎదురొచ్చెటోళ్లు ఒకటే డిప్పర్ కొడుతరు. నేనేమో డిమ్ముల్నే నడుపుతున్న. కొందరైతే అద్దం దించి తిట్టిపోతరు.

మేస్త్రీ: పొద్దుగాల ఖాళీగ తిరిగొచ్చేటప్పుడు, ఇంకా చీకటున్నప్పుడు, అప్పుడు కూడా కొడుతరా?

కాలర్: అప్పుడు... కొట్టరు. అవును, కొట్టరు.

మేస్త్రీ: అయితే లోడుతోటి వచ్చిన ముచ్చటే. వెనక బరువు పడితే సామాను ఏసే డాల దిక్కు కుంగుతది, ముందు ముక్కు లేస్తది. నీ డిమ్ము లైటు ఎదుటోని కండ్లళ్ల పడుతది. స్టీరింగ్ పక్కన డాష్‌బోర్డు మీద చిన్న చక్రం ఉంటది, లైటు బొమ్మ, పక్కన 0, 1, 2, 3 అని రాసి ఉంటది. చూసినవా ఎప్పుడన్న?

కాలర్: ఉన్నది. అది లైటు ఎక్కువ తక్కువ చేసేదేమో అనుకొని ముట్టలే.

మేస్త్రీ: వెలుగు ఎక్కువ తక్కువ కాదు, పైకి కిందికి. 0 అంటే ఖాళీ బండి. నంబరు పెంచుకుంట పోతే వెలుగు కిందికి దిగుతది. నిండు లోడుకు 2 గాని 3 గాని పెట్టుకో, ముందు రోడ్డు కనవడాలె, ఎదుటోని మొఖం కనవడొద్దు. మార్కెట్ల ఖాళీ చేసినంక మల్ల 0కు తిప్పాలె, లేకుంటే వచ్చేటప్పుడు బానెట్ ముంగటి జాగనే కనవడుతది. ఇంకోటి అడుగుత, తెల్ల ఎల్‌ఈడీ బల్బులు ఏయించినవా?

కాలర్: ఏయించిన.

మేస్త్రీ: మామూలు హాలోజన్ బల్బు కోసం చేసిన డూమ్‌ల ఎల్‌ఈడీ పెడితే వెలుగు ఒక కాడ నిలవదు, చిందరవందర అయితది. చక్రం ఎంత తిప్పినా లాభం ఉండదు. కంపెనీ బల్బు మల్ల పెట్టించు.

కాలర్: సరే సాబ్. గాలి సంగతి కూడా చెప్పుండ్రి. పంచర్ షాపోడు ఎప్పుడు పోయినా ఒకటే లెక్క కొడుతడు.

మేస్త్రీ: నేను నంబరు చెప్పను, ఎందుకంటే బండి బండికి మారుతది. డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటది, లేకుంటే కంపెనీ పుస్తకంల ఉంటది. ముందుకు ఎంత, వెనకకు ఎంత, లోడుకు ఎంత అని. వెనక టైర్లకు ఎక్కువ ఉంటది, చూడు. కొలిచేది టైరు సల్లగున్నప్పుడు. నార్కట్‌పల్లి దాక ఉరికించి, టైరు కాలుతుంటే కొలిస్తే ఎక్కువే చూపెడుతది. ఎక్కువైందని వదులుతరు కొందరు. పొద్దున సల్లబడినంక చూస్తే గాలి తక్కువ, ఆ మీద లోడు. ఎండకాలంల టైర్లు పగిలేటివి గిట్లాంటివే ఎక్కువ. టైరు రెండు అంచులు అరిగినయంటే గాలి తక్కువతోటి తోలినట్టు. నడుమ అరిగిందంటే ఎక్కువతోటి. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్‌కు పో.

వ్యాఖ్యాత: మక్తల్ నుంచి మరో కాల్.

కాలర్: సార్, వడ్లు, కందులు ఏసుకొని రాయచూరు పోత. లోడు మీదున్నప్పుడు బ్రేకు పట్టుకుంటలేదు. ఖాళీగ బానే ఉంటది. ముందు ప్యాడ్లు ఊకె అయిపోతున్నయ్. మార్చి మార్చి యాష్టకొచ్చింది.

మేస్త్రీ: వెనక బరువు మోసే కమాన్ పట్టీలు ఎక్స్‌ట్రా ఏయించినవా తమ్మీ?

కాలర్: ...ఏయించిన. రెండు దిక్కుల రెండు రెండు. అందరు ఏయించుకున్నరు గదా.

మేస్త్రీ: అందరు ఏయించుకున్నరు, అందరు ప్యాడ్లు మారుస్తున్నరు. ఇంటికి పోయినంక బండి కింద పండుకొని చూడు. చాలా బండ్లకు ఛాసిస్ నుంచి వెనక ఇరుసు హౌసింగ్‌కు ఒక సన్నపు రాడు గాని స్ప్రింగు గాని కట్టి ఉంటది, దాని మీద బ్రేకు పైపులు వచ్చే చిన్న వాల్వు. బండి ఎంత కుంగింది అనేది ఆ రాడు చెప్తది. కుంగితే లోడుంది అని వెనక బ్రేకులకు జోరు ఎక్కువ వదులుతది. కుంగకపోతే ఖాళీ బండి అనుకొని తగ్గిస్తది. ఖాళీ బండికి వెనక బ్రేకు గట్టిగ పడితే చక్రం జామై బండి తిరుగుతది గదా, అందుకు పెట్టిండ్రు. నువ్వు పట్టీలు ఎక్కించినవ్, టన్నున్నర ఏసినా వెనక కుంగుతలేదు. పాపం ఆ వాల్వుకు ఏం ఎరుక? ఖాళీగనే ఉన్నవనుకొని వెనక బ్రేకు తగ్గిస్తున్నది. భారమంత ముందటి ప్యాడ్ల మీద పడ్డది.

కాలర్: అయితే రాడు తీసేయమంటరా?

మేస్త్రీ: తీసేస్తె ఇంకో బాధ. వాన పడ్డప్పుడు ఖాళీ బండి గిర్రున తిరుగుతది. పట్టీలు కంపెనీ లెక్కకు తెచ్చుకొని, వాల్వు సెట్టింగు షోరూంల చేయించు. ఏబీఎస్, అంటే చక్రం జామ్ కాకుండ బ్రేకు సర్దే ఏర్పాటు, ఉన్న కొత్త బండ్లల్ల కొన్నింటికి ఈ రాడు ఉండదు, కంప్యూటరే చూసుకుంటది. నీది ఏదో చూసుకో. ఇగ ఎక్కువ లోడు సంగతి నీకు ఎరుకనే. 2019ల చట్టం మార్చినంక జుర్మానా 20,000, ఆ పైన టన్నుకు 2,000. రెండు పట్టీలకు బండి కాయితాలల్ల రాసిన పాసింగ్ బరువు పెరగదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు అచ్చంపేట నుంచి ఒక అక్క లైన్లో ఉన్నారు.

కాలర్: మా ఆయన కూరగాయలు, కిరాణం సామాను ఏసుకొని శ్రీశైలం పోతడు మేడం. దోమలపెంట దాటినంక దిగుడు రోడ్డు వస్తది గదా, అక్కడ న్యూట్రల్ చేస్తడు. ఒక్కోసారి ఇంజన్ కూడా బందు పెడుతడు. డీజిల్ మిగులుతదంట. నేను ఒకసారి కూసొని పోయిన, పానం పోయినంత పనైంది. చెప్పితే ఇనడు. మీరన్న చెప్పుండ్రి, పక్కనే ఉన్నడు.

మేస్త్రీ: స్పీకర్ల పెట్టమ్మా. అన్నా, ఇంటున్నవా?

కాలర్ భర్త: ఇంటున్న.

మేస్త్రీ: ఇప్పటి డీజిల్ ఇంజన్లల్ల, గేరుల ఉండి ఎక్స్‌లేటర్ మీద కాలు తీసి దిగుతున్నవనుకో, కంప్యూటర్ డీజిల్ పూరా బందు పెడుతది. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతయ్. న్యూట్రల్ కొడితే ఇంజన్ ఆగిపోకుండ ఉండేటందుకు డీజిల్ తాగుతనే ఉంటది. అంటే నువ్వు మిగిలిస్తున్న అనుకుంటున్న కాడనే ఖర్చు పెడుతున్నవ్.

కాలర్ భర్త: బందు పెడితే?

మేస్త్రీ: బందు పెడితే, కాలు జోరు పెంచే బ్రేకు బూస్టర్‌కు వ్యాక్యూమ్ తయారు కాదు. రెండు మూడు సార్లు తొక్కినంక పెడల్ రాయి లెక్క అయితది. స్టీరింగ్ బరువు అయితది. తాళం పూరా వెనకకు తిప్పినవంటే స్టీరింగ్ లాక్ కూడా పడొచ్చు. ఆ మూలల కాడ కింద కృష్ణ కనవడుతుంటది, అక్కడనా నీ ప్రయోగం?

కాలర్: ఇన్నవా? ఇన్నవా?

కాలర్ భర్త: ఇన్న, ఇన్న.

మేస్త్రీ: ఎక్కేటప్పుడు ఏ గేరు పడ్డదో దిగేటప్పుడు అదే గేరు. రెండో గేరుల ఎక్కితే రెండో గేరుల దిగు. బ్రేకు మీద కాలు పెట్టి అట్లనే ఉంచకు, కాలిపోయి పట్టు ఇడుస్తది. గేరే సగం ఆపుతది, నడుమ నడుమ గట్టిగ తొక్కి ఇడువు. ఎక్కినంక మీద టర్బో బండిని వెంటనే బందు చేయకు, ఒక నిమిషం ఐడిల్ల ఉండనియ్యి. టర్బో సల్లబడాలె. టెంపరేచర్ ముల్లు ఎర్ర దిక్కు పోతే పక్కకు ఆపు, కాని రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ముట్టకు.

వ్యాఖ్యాత: ఉత్త బోరు నీళ్లు పోయొచ్చా రేడియేటర్‌లో?

మేస్త్రీ: మన నల్లగొండ బోరు నీళ్లా? వద్దు మేడం. లోపల పెచ్చులు కడుతది. కూలెంటే పోయాలె.

వ్యాఖ్యాత: దేవరకొండ నుంచి కాల్.

కాలర్: నాది కొత్త పొగ రూల్స్ వచ్చినంక చేసిన బీఎస్-6 బండి సార్. యూరియా అయిపోయిందని లైటు వస్తున్నది. బకెట్ కొందామంటే మా దిక్కు దొరుకుతలేదు. ఇంట్ల యూరియా బస్తా ఉన్నది. నీళ్లల్ల కలిపి...

మేస్త్రీ: ఆగు, ఆగు. పోసినవా, పోయలేదా?

కాలర్: పోయలే. అడుగుదామని.

మేస్త్రీ: బతికిచ్చినవ్. బండికి పోసేది డీఈఎఫ్, పొగల విషం తగ్గించే ద్రవం. అండ్ల యూరియా 32.5 శాతం, మిగిలింది ఖనిజాలు తీసేసిన శుద్ధమైన నీళ్లు. పొలానికి ఏసే యూరియాకు వేపనూనె పట్టించి ఉంటది. అది పోస్తే సన్నపు ఇంజెక్టర్ మూసుకపోతది, సైలెన్సర్ల పొగను శుభ్రం చేసే క్యాటలిస్టు ఖరాబైతది. ఆ రిపేరు ఖర్చు ఇంటే నీ పంట పైసలు గుర్తొస్తయ్. యూరియా లైటు పడ్డంక బండి జోరు తగ్గిస్తది, ఇంకా పట్టించుకోకపోతే కొన్ని బండ్లు మల్ల స్టార్టే కావు. పెద్ద పెట్రోల్ బంకులల్ల దొరుకుతది, హైదరాబాద్ పోయినప్పుడు ఒక బకెట్ తెచ్చి నీడకు పెట్టుకో. ఇంకో జాగ్రత్త, నీలం మూత డీఈఎఫ్‌ది, రెండోది డీజిల్‌ది. ఒకదాండ్ల ఒకటి పోస్తే తాళం తిప్పకు. తిప్పకుండ షోరూమోడిని పిలువు.

వ్యాఖ్యాత: అన్ని బీఎస్-6 బండ్లకూ ఈ ట్యాంకు ఉంటుందా?

మేస్త్రీ: ఉండదు. నీలం మూత ఉంటే ఉన్నట్టు. ఇగ డీపీఎఫ్, అంటే పొగ మసిని పట్టే ఫిల్టర్, దాని లైటు వచ్చిందంటే వేరే ముచ్చట, అది పొగ మసి నిండినట్టు. ఊర్లల్ల ఆపుకుంట తిరిగే బండ్లకే వస్తది. హైవే ఎక్కి ఒక ఇరవై నిమిషాలు ఒకే స్పీడుల ఉరికిస్తే చాలామందికి పోతది. పోకపోతే షెడ్డుకు రా.

వ్యాఖ్యాత: ఒక వాట్సాప్ మెసేజ్ చదువుతాను. పత్తి ఏరేటందుకు కూలీలను పికప్ వెనక ఎక్కించుకొని పోవాలి, డాలకు ఏమన్నా రాడ్లు వెల్డింగ్ చేయించమంటారా అని.

మేస్త్రీ: చేయించను. నా షెడ్డుల అడిగినోళ్లకు కూడా అదే చెప్పిన. అది సామాను బండి. మనుషులను ఎక్కిస్తే చట్టం ఒప్పుకోదు, ఏదన్న అయితే ఇన్సూరెన్స్ కాడ మెలిక పడుతది. రాడ్డు పట్టుకొని నిలబడ్డ ఆడోళ్లను మూల మలుపు కాడ ఆ రాడ్డు ఆపదు. ఆటో మాట్లాడుకోమను.

వ్యాఖ్యాత: మిర్యాలగూడ కాల్. త్వరగా అడగండి, టైం అయిపోతోంది.

కాలర్: మీటర్ల ఫిల్టర్ బొమ్మ కింద నీళ్ల చుక్క లెక్క లైటు వస్తున్నది.

మేస్త్రీ: డీజిల్‌ల నీళ్లున్నయ్. క్యాన్ల డీజిల్ పోసినవా?

కాలర్: కోత మిషన్ కోసం తెచ్చింది మిగిలితే పోసిన.

మేస్త్రీ: అదే. ఇంజన్ బందు పెట్టి ఫిల్టర్ కింద చిన్న మర ఉంటది, కింద డబ్బా పెట్టి వదులు చేయి. నీళ్లు పోయి డీజిల్ రాంగనే బిగియ్యి. ఆ లైటుతోటి వారం తిరిగితే పంపు, ఇంజెక్టర్లు పోతయ్. తెచ్చిన డీజిల్‌ను పోయకముందు వడగట్టు.

వ్యాఖ్యాత: చివరి కాల్ జడ్చర్ల నుంచి.

కాలర్: సార్, స్టెప్నీ బండి కింద ఉంటది గదా. మొన్న పంచరైతే దించుదామంటే బోల్టు తిరుగలే. తుప్పు పట్టింది.

మేస్త్రీ: ఎప్పుడూ దించకపోతే అంతే తమ్మీ. బురద, వాన అంత దానికే తగులుతది. డీజిల్ పూసి ఒక రాత్రి ఇడిసిపెట్టు, పొద్దున సుత్తెతోటి నెమ్మదిగ కొట్టి తిప్పు. వచ్చినంక గ్రీసు పట్టియ్యి. సర్వీసింగ్‌కు పోయినప్పుడల్ల ఒకసారి దించి ఎక్కియ్యమను. స్టెప్నీల గాలి కూడా లోడు లెక్కకే ఉంచు, ఖాళీ లెక్కకు కాదు. పంచరయ్యేది లోడు మీదనే గదా. జాకీ, పానా సీటు వెనక ఉన్నయా?

కాలర్: పానా ఉన్నది. జాకీ మా బావ తీసుకపోయిండు.

మేస్త్రీ: ఇయ్యాలనే తెచ్చుకో.