అదిరే పిక్క, దర్జీ టేపు

శ్రోతలకు నమస్కారం.

కన్ను అదురుతోందని ఎవరైనా అంటే మన ఇళ్లలో వెంటనే వచ్చే ప్రశ్న, ఏ కన్ను అని. మగవారికి కుడి కన్ను, ఆడవారికి ఎడమ కన్ను అదిరితే మేలని పెద్దలు చెబుతారు. అశోకవనంలో శింశుపా వృక్షం కింద, ఇక బతికి ప్రయోజనం లేదనుకున్న సీతమ్మకు హనుమంతుడు కనిపించబోయే ముందు ఎడమ కన్ను, ఎడమ భుజం, ఎడమ తొడ అదిరాయని, వాటిని శుభశకునాలుగా తలచి ఆమె ఊరట పొందిందని మనమంతా విన్నదే. ఈనాడు ఒక ముప్పై ఏళ్ల యువకుడికి అర్ధరాత్రి అదే తొడ అదిరితే, అతడు ఫోను తీసి వెతుకుతాడు. పది నిమిషాలు తిరగకుండానే మోటార్ న్యూరాన్ వ్యాధి అనే మాట, అంటే కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా నశించే జబ్బు పేరు, కంటబడుతుంది. ఇక తెల్లవారేదాకా నిద్ర ఉండదు. ఇలాంటివారు డాక్టరునైన నా దగ్గరకు వస్తూనే ఉంటారు. వారి భయాన్ని నేను తేలికగా తీసుకోలేను. ఒకప్పుడు ఆ భయాన్ని నేనూ మోశాను.

ఫైనలియర్ చదువుతున్న రోజుల్లో మా బ్యాచ్‌కు నరాల వ్యాధుల వార్డులో పోస్టింగు పడింది. అక్కడ ఆ వ్యాధితోనే ఒక నడివయసు రైతు ఉండేవారు. చేతుల్లో కండ కరిగిపోయింది, మిగిలిన కండ చర్మం కింద సన్నని అలలుగా కదులుతూ ఉండేది. చొక్కా గుండీలు ఆయన భార్య పెట్టేది. ఆ దృశ్యం నా మనసులో నాటుకుపోయింది. అదే వారంలో ఒక రాత్రి హాస్టలు మంచం మీద పడుకుని ఉండగా నా కుడి పిక్కలో ఏదో టకటకా కొట్టుకుంది. దీపం వేసి చూశాను. చర్మం కింద కండ అదురుతోంది.

మరుసటి రోజు నుంచి నాకు నేనే వైద్యుడినయ్యాను. హాస్టలు వరండాలో ఒక చివరి నుంచి మరో చివరికి మునివేళ్ల మీద నడిచేవాడిని, మడమల మీద తిరిగి వచ్చేవాడిని. అద్దం ముందు నాలుక చాపి, అది వణుకుతోందా అని చూసుకునేవాడిని. మెస్సు పక్కన ఉండే దర్జీని అడిగి టేపు తెచ్చుకుని రెండు పిక్కలూ కొలిచాను. కుడిది అర సెంటీమీటరు తక్కువగా వచ్చింది. ఆ అర సెంటీమీటరుతో నా భవిష్యత్తు తేలిపోయిందనుకున్నాను. రెండు వారాలు గడిచేసరికి మెట్లెక్కుతుంటే కాళ్లు నిజంగానే లాగడం, వణకడం మొదలైంది. అమ్మకు ఉత్తరం రాసి, పోస్టు చేయలేక చించేశాను.

చివరకు మా ప్రొఫెసరు గారి గది ముందు నిలబడ్డాను. ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. చొక్కా విప్పించి, బల్ల మీద పడుకోబెట్టి, ఒక్కొక్క కండరం బలాన్ని తన చేతులతో చూశారు. రబ్బరు సుత్తితో మోకాళ్లు, చీలమండలు తట్టి చూశారు. నాలుకను బయటకు చాపనివ్వకుండా నోట్లోనే వదులుగా ఉంచమని టార్చి వేసి చూశారు. చాపిన నాలుక ఎవరికైనా వణుకుతుందని, విశ్రాంతిగా ఉన్న నాలుకనే చూడాలని అప్పుడే తెలిసింది. అంతా అయ్యాక, "రోజుకు ఎన్నిసార్లు పరీక్షించుకుంటున్నావు?" అని అడిగారు. లెక్కపెట్టలేదన్నాను. "రేపు లెక్కపెట్టుకుని రా" అన్నారు.

మరుసటి రోజు లెక్క 43కు వచ్చింది.

"రోజుకు 43 సార్లు ఆ కాళ్లను వేధిస్తే ఏ జబ్బూ లేని నా పిక్కలు కూడా నొప్పి పెడతాయి, అదురుతాయి. నీకు జబ్బు లేదు. ఇక పరీక్షించే పని నాది, నీది కాదు. మూడు నెలల తరువాత ఈ తేదీన రా. ఈలోగా టేపు ముట్టుకోకు" అని చీటీ మీద తేదీ వేసి ఇచ్చారు. పరీక్షించే పని నాది, నీది కాదు. ఇన్నేళ్లుగా నా రోగులకు నేను చెబుతున్నదీ ఈ మాటే.

శాస్త్రం విషయం క్లుప్తంగా చెబుతాను. వెన్నుపాములోని ఒక్కొక్క చాలక నాడీకణం, అంటే మోటార్ న్యూరాన్, కొన్ని కండర పోగులను నడిపిస్తుంది. మన ప్రమేయం లేకుండా ఆ నాడిలో ఎక్కడో ఒక విద్యుత్ ప్రేరణ పుడితే ఆ పోగులన్నీ ఒక్కసారిగా ముడుచుకుంటాయి. దానినే అదురు అంటున్నాం. నిద్ర చాలకపోయినా, కాఫీ టీలు ఎక్కువైనా, శరీర శ్రమ మితిమీరినా, దిగులు పట్టుకున్నా ఇది పెరుగుతుంది. కొందరిలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. ఆరోగ్యవంతులలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది అనుభవమే. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, కండరాలు అదరడం తప్ప మరే లోపమూ కనిపించని 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల వరకు గమనించి 1993లో ఫలితం ప్రకటించారు. వారిలో ఒక్కరికీ మోటార్ న్యూరాన్ వ్యాధి రాలేదు. వారిలో వైద్యరంగానికి చెందినవారు కొద్దిమంది కాదని చదివినప్పుడు నాకు హాస్టలు వరండా గుర్తుకు వచ్చింది.

అయితే ఆ వ్యాధి లేదని నేను అనడం లేదు. అది ఉన్నది, అది కఠినమైనది. కానీ ఆ వ్యాధితో వచ్చేవారిలో ఎక్కువమంది, అదురుతోందని కాక, పని చేయలేకపోతున్నామని వస్తారు. నడుస్తుంటే పాదం నేలకు తగులుతోందని, చెప్పు కాలికి నిలవడం లేదని, అన్నం కలపడానికి వేళ్లు సహకరించడం లేదని, తాళం తిప్పలేకపోతున్నామని, మాట ముద్దగా వస్తోందని, నీళ్లు తాగితే పొలమారుతోందని చెబుతారు. నీరసంగా అనిపించడం వేరు, నిన్న చేసిన పని ఈరోజు చేయలేకపోవడం వేరు. రెండోది కనిపిస్తే, కండ తరిగిపోతున్నట్లు ఇంట్లోవారు గమనిస్తే, ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి.

అవేవీ లేకుండా అదురు మాత్రమే ఉన్నవారు కూడా ఒకసారి వైద్యుడికి చూపించుకోవడం మంచిదే. ఒకసారి. ఒక్క వైద్యుడికి. కండరాల్లోని విద్యుత్ ప్రేరణలను నమోదు చేసే ఇ.ఎమ్.జి. పరీక్ష అవసరమో కాదో ఆయననే తేల్చనివ్వండి. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ అడిగి రాయించుకోండి. ఆ తేదీ వరకు కొలవడం, అద్దంలో చూసుకోవడం, ఫోనులో వెతకడం మూడూ ఆపండి. ఇది మాటల్లో చెప్పినంత సులువు కాదు, మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది. పరీక్షించుకోవాలన్న కోరిక పుట్టినప్పుడు నేను గడియారం చూసి అరగంట వాయిదా వేసేవాడిని. అరగంట గడిచేలోపు చాలాసార్లు ఆ కోరికే సడలిపోయేది.

ఇంట్లోవారికి కూడా ఒక మాట. "నా కాలు సన్నబడిందేమో చూడు" అని పదేపదే అడిగినప్పుడు, ఏమీ లేదని పదిసార్లు ధైర్యం చెబితే ఆ ధైర్యం గంటకు మించి నిలవదు, పదకొండోసారి అడిగించడమే దాని పని. "తేదీ రానీ, డాక్టరు గారే చూస్తారు" అని ప్రేమగా చెప్పండి. భయం చేతికి చిక్కకుండా పోతోందనిపిస్తే సైకాలజిస్టు, మానసిక వైద్యుల సహాయం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి ఉచితంగా మాట్లాడవచ్చు.

మూడు నెలల తరువాత చీటీలో ఉన్న తేదీన నేను మళ్లీ ప్రొఫెసరు గారి దగ్గరకు వెళ్లాను. మొదటిసారి ఎంత ఓపికగా చూశారో అంత ఓపికగానూ మళ్లీ చూసి, "ఇంకా అదురుతోందా?" అని అడిగారు.

"అప్పుడప్పుడు అదురుతోంది సర్."

"టేపు ఏమైంది?"

"దర్జీకి తిరిగి ఇచ్చేశాను సర్."

ఆయన తలూపి, తరువాతి రోగిని పిలవమన్నారు.

నమస్కారం.