పికప్‌లో లైట్లన్నీ ఒకేసారి వెలిగితే ఈసీఎం మార్చేయాలా?

[దృశ్యం: నెల్లూరు ఆటోనగర్. తొట్టిలో ఖాళీ రొయ్యల ట్రేలతో ఒక డీజిల్ పికప్. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు, ఏబీఎస్ లైటు వెలుగుతున్నాయి.]

రెండు లైట్లూ ఒకేసారి వచ్చాయి. స్పీడు ముల్లు సున్నాకి పడిపోయింది. యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగడం లేదు. అప్పుడు షెడ్డులో వినపడే మాట ఒకటే: "అన్నా, ఈసీఎం పోయిందంట. మార్చాలంట గదా?"

తొందరపడకండి. ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్. ఇన్ని భాగాలు ఒకేసారి చెడిపోవడం చాలా అరుదు. వాటిని కలిపే వైర్లలో తేడా వస్తే మాత్రం అన్నీ చెడిపోయినట్టే కనిపిస్తాయి. ఈసీఎం ఖరీదైన సామాను. దాని జోలికి వెళ్లేముందు ఆ వైర్లు చూడాలి.

[దృశ్యం: మెలి తిప్పిన రెండు సన్నటి వైర్లు, దగ్గరగా.]

ఇదే క్యాన్ లైను. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ పికప్‌లలో దీని మీద భారం ఇంకా పెరిగింది. ఇంజిన్ ఈసీఎం, ఏబీఎస్, మీటరు బోర్డు, చాలా బండ్లలో సైలెన్సర్ దగ్గర పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్ కూడా దీని మీదే మాట్లాడుకుంటాయి. ఒక్కోదానికీ విడివిడిగా వైర్లు లాగే పని లేదు.

మాట్లాడని సమయంలో రెండు వైర్లలోనూ సుమారు 2.5 వోల్టులు ఉంటాయి. సందేశం వెళ్లేటప్పుడు ఒకటి 3.5కి ఎక్కుతుంది, రెండోది 1.5కి దిగుతుంది. ఈసీఎం చూసేది ఆ రెండింటి మధ్య తేడానే. వైర్లు మెలి తిరిగి ఉన్నాయి కాబట్టి ఆల్టర్నేటర్ వల్ల వచ్చే అలజడి రెండింటి మీదా దాదాపు ఒకేలా పడుతుంది, తేడా చెక్కుచెదరదు. అందుకే ఆ మెలిక విప్పకూడదు.

ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే? ప్రతి సందేశానికీ ఒక నంబరు ఉంటుంది. చిన్న నంబరుది ముందుకు వెళుతుంది, రెండోది ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏ సందేశమూ పాడవదు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే.

[దృశ్యం: స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్. మల్టీమీటర్.]

ఇప్పుడు పరీక్ష. తాళం తీసేయండి, బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి, కొన్ని నిమిషాలు ఆగండి. మీటరును ఓమ్స్‌లో పెట్టి 6వ పిన్ను, 14వ పిన్ను మధ్య చూడండి. లైను రెండు చివర్లా ఒక్కోటి 120 ఓమ్స్ రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగిందని. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయని. అసలేమీ చూపించకపోతే సాకెట్‌కి వచ్చే వైర్లే తెగి ఉండొచ్చు. కొన్ని బండ్లలో మధ్యలో గేట్‌వే, అంటే సందేశాలను ఒక లైను నుంచి ఇంకో లైనుకు అందించే పెట్టె ఉంటుంది, వాటికి కంపెనీ వైరింగ్ బొమ్మ చూసుకోవాలి. 60 వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కూడా కాదు. లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో 'యూ'తో మొదలయ్యేవి ఉంటే మాటలు ఆగిపోయాయని అర్థం. యూ0100 అంటే ఇంజిన్ ఈసీఎంతో సంబంధం తెగిందని, అది కాలిపోయిందని కాదు.

[దృశ్యం: ఛాసిస్ కింద విప్పిన కనెక్టర్. పిన్నుల మీద పచ్చటి చిలుము.]

మన వైపు మొదట అనుమానించాల్సింది దీన్నే. విడవలూరు, అల్లూరు వైపు చెరువుల నుంచి రొయ్యలు ఎత్తే బండ్లలో ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి కారి ఛాసిస్ వెంట పోయే వైరింగ్ మీద పడతాయి. కొత్తపట్నం తీరంలో తిరిగే బండ్లకు గాలిలోనే ఉప్పు. రబ్బరు సీలు కాస్త చిరిగినా చాలు, పిన్నుకు చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి, బాగా తిన్న పిన్ను అయితే మార్చండి, సీలు కొత్తది వేయండి. తెగిన వైరును టేపు చుట్టి వదలకుండా సోల్డర్ చేసి స్లీవ్ వేయించండి, మెలిక ఉన్నట్టే ఉంచండి. జీపీఎస్ పెట్టేవాళ్లు ఈ జతను గీకి అతకకుండా చూసుకోండి.

తొట్టికి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ, ఈసీఎం కనెక్టర్ రెండూ ఊడదీయించండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టించండి.

[దృశ్యం: ఒక చేత్తో వైరింగ్ కట్టను కదుపుతుంటే మీటరులో 60 కాస్తా 120కి మారుతుంది.]

చూశారా? గతుకుల్లో మాత్రమే లైటు వచ్చే బండికి ఇలా మీటరు పెట్టి కట్టను చివరిదాకా కదుపుతూ పోవాలి. అంకె ఎక్కడ మారితే ఆ జానెడు జాగాలోనే తెగింది.