సంతకం దగ్గర ఆగిపోకండి

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పెద్దలకు నమస్కారం.

ఊళ్లో చదువు రాని పెద్దవాళ్లకు చదువు చెబుతామని మీ అంతట మీరే ముందుకొచ్చారు. దీనికి జీతం లేదు. పగలంతా కాలేజీకో పనికో పోయి, రాత్రి ఇంకొకరి కోసం గంటన్నర కూర్చోవాలి. ఆ మాట ఇచ్చినందుకే మీరంటే నాకు గౌరవం. అందుకే మీతో పైపైన నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోవాలని లేదు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. ఆడవాళ్లలో 59 శాతమే. దేశ సగటు కంటే మనం వెనకే ఉన్నాం. చదువు రాని ఆ మనుషులు ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. కూలికి పోయే ఆడవాళ్లు, దళితవాడలు, తండాలు, గూడేలు. భూమి ఎవరికి దక్కలేదో చదువూ వాళ్లకే దక్కలేదు. కాబట్టి మీరు చేయబోయే పనిని నేను సేవ అనను. ఎప్పుడో ఇవ్వాల్సిన బాకీని ఇప్పుడు చెల్లిస్తున్నాం.

ఇప్పుడు పెద్దల చదువు కోసం ఉల్లాస్ పేరుతో కేంద్ర పథకం నడుస్తోంది. 2022లో మొదలైంది, వలంటీర్ల మీదే ఆధారపడింది. ఏ పథకంలోనైనా లెక్క చూపించడం అవసరమే. కానీ లెక్క చూపించే తొందరలో మనం చాలాసార్లు సంతకం దగ్గర ఆగిపోతాం. వేలిముద్ర వేసే అవ్వ పేరు రాయడం నేర్చుకుంటే సంతోషమే. అయితే పైన ఏం రాసుందో చదవలేని మనిషి చేతికి కలం ఇచ్చి సంతకం పెట్టమంటే ఆమెకు ఒరిగేదేమిటి? 2010లో సూక్ష్మరుణ సంస్థల అప్పులు మన పల్లెల్లో ఎంత గోల పెట్టించాయో మీ ఇళ్లలో అమ్మల్ని అడగండి. వాటిని అదుపు చేయడానికి అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. వడ్డీ ఎంత, వాయిదా తప్పితే ఏమవుతుంది, ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్ల మీద ఎంత పడుతుంది, ఇవి చదివి లెక్క వేసుకోగలగాలి. నా దృష్టిలో చదువు వచ్చిందని అప్పుడే అనాలి.

నెల్లూరు జిల్లా సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలతో, చిన్న నాటకాలతో జనాన్ని పోగుచేశాయి. చదువు చెప్పింది మీలాంటి ఊరి యువతే. వచ్చి కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది కూలి ఆడవాళ్లు. అవి సారా రోజులు. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పల్లెలకు చేర్చింది. మగవాడి కూలి ఇంటికి రాకుండానే దుకాణంలో అయిపోయేది. ఆ తర్వాత ఆడదాని కూలి కోసం ఇంట్లో తన్నులాట.

ఆ రాత్రి బడుల పుస్తకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. సారా గురించే. అది చదివాక అక్షరాలు పక్కకు పోయి, ఆడవాళ్లు తమ ఇళ్ల సంగతులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై ఊళ్లో సారా కొట్టు మూయించారు. ముందు నిలబడింది రోశమ్మ. తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. దూబగుంట ఆడవాళ్లు చేసిన పనినే 'ఆడవాళ్లు ఏకమైతే' అని పాఠంగా రాసి మిగతా ఊళ్ల బడులకు ఇచ్చారు. తమలాంటి కూలి మనుషులు, తమ జిల్లాలోనే, మొన్న మొన్న చేసిన పని అచ్చులో కనబడితే ఎలా ఉంటుందో ఊహించండి. వాళ్లు మూయించగలిగితే మనమెందుకు మూయించలేం అని ఊరూరా అడిగారు. 1992లో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. జిల్లాలో పుట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది.

1997లో దాన్ని సడలించారు కాబట్టి అంతా వృథా అయిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. రోజుకో రూపాయి దాచుకుందామని అదే నెల్లూరులో, అదే ఆడవాళ్ల నుంచి పొదుపు లక్ష్మి పుట్టింది. ఇవాళ మనం చూస్తున్న పొదుపు సంఘాలకు అది పెద్ద బలమైంది. ఒకసారి గొంతు విప్పిన మనిషి, ఆ నిషేధం సడలిందని మళ్లీ నోరు మూసుకోదు.

ఇందులో వలంటీరు చేసిందేమిటని మీరు అడగొచ్చు. ఉద్యమం నడిపింది ఆ కుర్రాళ్లు కాదు, ఆడవాళ్లే. అయితే ఆ రాత్రి పాఠం చదివాక, "అక్కా, ఆ గొడవలు ఎందుకులే, ముందు గుణింతం పూర్తి చేద్దాం" అని వలంటీరు మాట ఆపేసి ఉంటే? మీ బడిలో కూడా ఒక రోజు ఎవరో ఒక గొడవ ఎత్తుతారు. రేషన్ గురించో, కూలి బాకీ గురించో, మొగుడు కొట్టడం గురించో. ఆ రోజు పుస్తకం మూసి వినండి. తర్వాత ఆమె అన్న మాటల్లోంచే నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి చదివించండి. మర్నాటి పాఠం అదే.

ఇంకో సంగతి మీకు మరీ దగ్గరది. 2005 ఉపాధి హామీ చట్టం సామాజిక తనిఖీ అనే ఏర్పాటు తెచ్చింది, అంటే పనుల లెక్కల్ని ఊరి జనమే తనిఖీ చేయడం. 2006 నుంచి మన రాష్ట్రం దాన్ని గట్టిగా పట్టుకుంది. తనిఖీకి శిక్షణ ఇచ్చింది కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకే. వాళ్లు మస్టర్ల, అంటే కూలీల హాజరు పట్టీల, నకళ్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. "పెద్దమ్మా, నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాసుంది, నువ్వు వెళ్లావా? డబ్బు చేతికొచ్చిందా?" అని అడిగి రాసుకున్నారు. చనిపోయినవాళ్ల పేర్లు, వలస పోయినవాళ్ల పేర్లు మస్టర్లలో బయటపడ్డాయి. ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారులు కూర్చుని ఉండగా, అందరి ముందు అవి చదివి వినిపించారు. ఇంటర్ చదివిన కూలి వాళ్ల అమ్మాయి మైకు పట్టుకుని లెక్క అడుగుతుంటే ఆఫీసరు లేచి జవాబు చెప్పడం మన పల్లెలకు కొత్త. ఇంటర్ చదువు ఆ అమ్మాయి ఒక్కదానికే కాకుండా ఊరికి కూడా అక్కరకొచ్చింది.

పిల్లల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. రాత్రి బడి పెద్దలకే. పగలు పనికి పోయే పిల్లాణ్ని రాత్రి మీ దగ్గర కూర్చోబెట్టుకుంటే, పగటి పనికి మనమే ఒప్పుకున్నట్టు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ఈ మాట మీదే నిలబడింది. ఆసాముల దగ్గర జీతం ఉన్న పిల్లల్ని విడిపించి, శిబిరాల్లో కొన్నాళ్లు చదివించి, నేరుగా మామూలు బడిలో చేర్చారు. బడికి పోని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ఇంటి పనుల పేరుతో కొంత సందు వదిలింది. ఆ సందులోంచి ఎవరి పిల్లలు జారిపోతారో మీకు తెలుసు. అలాంటి బిడ్డ కనబడితే హెడ్మాస్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి.

చివరగా బడి ఎక్కడ పెట్టాలన్నది. దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మగారు 1910లో హైదరాబాదులో దళిత పిల్లలకు బడులు మొదలుపెట్టింది ఇసామియా బజారు, లింగంపల్లి బస్తీల్లోనే. పిల్లలున్న చోటికి బడి వెళ్లింది. ఊరి నడుమ రామాలయం అరుగు మీద పెడితే వాడ నుంచి ఆడవాళ్లు రారు, వచ్చినా చివర నిలబడతారు. వాడలోనే పెట్టండి. ఊళ్లోవాళ్లు అక్కడికి రావడానికి ఇబ్బంది పడితే, ఎందుకు ఇబ్బందో కూడా మాట్లాడుకోవాల్సిందే.

భోజనాలయ్యాక మండలాలవారీగా కూర్చుందాం. మీ ఊళ్లో ఏ వాడలో ఎంతమందికి చదువు రాదు, వాళ్లకు ఏ పూట వీలవుతుంది, బడికి తలుపు తీసే మనిషి ఎవరు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని రండి.