ప్రభుత్వోద్యోగి భోజనానికి ప్రజాధనం: ఎవరికి, ఎందుకు

సభకు నమస్కారం.

ప్రభుత్వ సిబ్బంది భోజనానికి ప్రజాధనం వెచ్చించవచ్చా అన్న చర్చ వచ్చినప్పుడల్లా అందరికీ ముందుగా గుర్తొచ్చేది పార్లమెంటు క్యాంటీన్. ఐదేళ్లలో దానికి 60 కోట్ల రూపాయలకు పైగా సబ్సిడీ అందిందని 2015లో సమాచార హక్కు చట్టం ద్వారా వెల్లడైంది. ఆపై చెలరేగిన విమర్శల దరిమిలా 2016 జనవరిలో ధరలు పెంచారు. 2020 చివర్లో నిర్వహణను ఉత్తర రైల్వే నుంచి కేంద్ర ప్రభుత్వ పర్యాటక సంస్థ ఐటీడీసీకి అప్పగించి, 2021లో సబ్సిడీని పూర్తిగా ఎత్తివేశారు. ఆ నిర్ణయం సరైనదే. కాని అక్కడ తిన్నది ఎంపీలు మాత్రమే కాదు, గుమాస్తాలు, భద్రతా సిబ్బంది కూడా. ప్రజల ఆగ్రహం ఎంపీల మీద, పెరిగిన ధర బరువు మాత్రం చిన్న జీతగాళ్ల మీద పడింది.

భోజన ఖర్చు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి హోదాను కొలతగా తీసుకోకూడదని నా అభిప్రాయం. ఆకలి వేళకు ఉద్యోగి తనంతట తాను లేచి వెళ్లి తినగలడా, లేక విధి నిర్వహణే ఆ వీలు లేకుండా చేస్తోందా అన్నదే చూడాలి. కార్యాలయంలో బల్ల ముందు కూర్చునే ఉద్యోగి ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోగలడు. పైగా ధరల సూచీని బట్టి పెరిగే కరువు భత్యంలో తిండి ఖర్చు ఇప్పటికే లెక్కకు వచ్చింది. అటువంటివారికి మళ్లీ చౌక భోజనం పెట్టడం ఒకే ఖర్చును రెండుసార్లు చెల్లించడమే అవుతుంది.

సొంత ఊరికి దూరంగా డ్యూటీ దిగే లోకో పైలట్లకు విశ్రాంతి, భోజన వసతి ఉండే రన్నింగ్ రూములు కట్టిన రైల్వే ఈ తేడాను ఎప్పుడో గ్రహించింది. మేడారం జాతరకో పుష్కరాలకో పొరుగు జిల్లాల నుంచి రప్పించిన కానిస్టేబుల్ తన పాయింటు వదిలి కదలలేడు కనుక, అతనికి వేళకు అన్నం అందించడం బందోబస్తు ఖర్చులో భాగమే. దాన్ని దయగా చెప్పుకోవడం తప్పు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది పారిశుధ్య కార్మికుల స్థితి. తెల్లవారకముందే హాజరు వేయించుకుని వీధుల్లోకి దిగే ఆ మహిళలకు ఉదయం పూట వేడి తిండి సంగతి అటుంచి, చేతులు శుభ్రంగా కడుక్కోవడానికి నీళ్లు, కూర్చోవడానికి నీడ దొరకడమే కష్టం. వారిలో చాలామంది ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్నారు, శాశ్వత ఉద్యోగికి అందే కరువు భత్యం వారికి లేదు. వందమంది కాంట్రాక్టు కార్మికులున్న చోట క్యాంటీన్ ఉండాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే ఏనాడో చెప్పింది. కాని ఊరంతా చెదిరి పనిచేసే మనుషులకు ఒకచోట కట్టిన క్యాంటీన్ ఎంతమాత్రం అక్కరకొస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు ఉన్నాయి కదా అనేవారికీ ఇదే నా జవాబు: తన వీధి వదిలి అంతదూరం వెళ్లి వరుసలో నిలబడితే పని ఆగిపోతుంది, మాట పడవలసింది ఆమే. కాబట్టి అన్నమే ఆమె దగ్గరికి రావాలి.

తమిళనాడు ప్రభుత్వం 2025లో చెన్నై పారిశుధ్య కార్మికులకు ఉచిత భోజనం ప్రారంభించింది. మంచి పనే. అయితే అదే ఏడాది అక్కడి కార్మికులు ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా రోడ్డెక్కారన్నది మరువరాదు. ఉద్యోగ భద్రత, న్యాయమైన వేతనం అడిగినవారికి భోజనం జవాబు కాజాలదు.

మన మునిసిపాలిటీలు వచ్చే టెండర్లలోనే ఉదయపు ఆహారాన్ని, నీటిని, విశ్రాంతి స్థలాన్ని షరతులుగా రాయాలి. ఆ ఖర్చును కాంట్రాక్టరు కమీషన్‌లో కలిపేయక వేరే పద్దు కింద చూపాలి. నగదు ఇస్తే బిల్లుల జాప్యంలో చిక్కుకుంటుంది కనుక వండిన ఆహారమే ఇవ్వాలి, దాని నాణ్యతను తనిఖీ చేసే అధికారం తినే కార్మికుల కమిటీకే ఉండాలి.